పది పుల్లల కట్ట

చిపాటా, జాంబియా
10 ఫిబ్రవరి 2013

పెద్దమ్మా, పెద్దనాన్నా,

మీ జెస్సీ వందనాలు. ఫోన్ చేసినప్పుడల్లా "అంతా బాగుంది" అని పెట్టేస్తున్నానని నువ్వు అలిగావు కదా పెద్దమ్మా, అందుకే ఈ ఉత్తరం. ఇది మీకు చేరేసరికి మూడు వారాలు పడుతుందట. అప్పటికీ అంతా బాగానే ఉంటుందని నా నమ్మకం.

ఇక్కడ ఇప్పుడు వానలు. నేలంతా ఎరుపు. ఎటు చూసినా మనిషెత్తు మొక్కజొన్న. ఆ పిండితోనే ముద్ద వండుకుని రెండు పూటలా తింటారు. మన సంకటిలాగే ఉంటుంది గాని తెల్లగా, ఇంకాస్త గట్టిగా. ఆదివారం గుడికి వెళ్తే మనం పాడే రాగమే వాళ్ళ న్యాంజా భాషలో పాడుతున్నారు. నేను ఉండబట్టలేక తెలుగులో అందుకున్నాను. పక్కనున్నావిడ తిరిగి చూసి నవ్వి, తన పాటల పుస్తకం నా వైపు జరిపింది. నాకు అందులో ఒక్క ముక్క రాదని ఆవిడకి తెలీదు.

ఇంక అసలు సంగతి. ఢిల్లీలో మా సంస్థ తయారుచేసిన లెక్కల పాఠాలు ఇక్కడ పదకొండు బళ్ళలో చెప్పిస్తున్నాం. ప్రతి బడికీ వారానికొకసారి వెళ్ళి, టీచరు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్తున్నారో లేదో చూసి మార్కులు వేయడం నా పని. పుస్తకంలో టీచరు ఏ మాట అనాలో, పిల్లలు ఏం జవాబివ్వాలో వరసగా ఉంటుంది. "ఇక్కడ చిరునవ్వు నవ్వాలి" అని కూడా ఉంటుంది. నవ్వకు!

ఆ పుస్తకం మొదటి పేజీలో ఎవరి ఫోటో ఉందో తెలుసా? నీలం చీర కట్టుకుని, చేతిలో పది చీపురుపుల్లల కట్ట పట్టుకుని మా పెద్దమ్మ! "భారతదేశంలో రాయపూర్ దగ్గర ధర్సీవాలోని చిన్న బడిలో శ్రీమతి శాంతమ్మ రూపొందించిన పద్ధతి." ఇన్ని వేల మైళ్ళ అవతల పిల్లలందరూ ఒక్కసారి పుల్లల కట్టలు పైకెత్తితే నాకు ఏడుపొచ్చేసింది పెద్దమ్మా. మన ఇంట్లో పుట్టిన పాఠం ఇంత దూరం వచ్చింది.

మీ
జెస్సీ

*

మోవా, రాయపూర్
9 మార్చి 2013

జెస్సీ తల్లీ,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలి. నీ ఉత్తరం నిన్న వచ్చింది. మీ పెద్దనాన్న రైల్వేలో పనిచేసిన ముప్ఫై నాలుగేళ్ళలో ఎన్నడూ చూడనంత శ్రద్ధగా అట్లాసు తీసి నీ ఊరు వెతికారు. తరవాత నీ ఉత్తరం జేబులో పెట్టుకుని గుడికి పోయి అందరికీ చదివి వినిపించారు. పాస్టరుగారు "బహిన్‌జీ, మీరు అంతర్జాతీయం అయిపోయారు" అన్నారు. నేను సిగ్గుతో చచ్చాను.

నీలం చీర ఫోటో గుర్తుంది. దాన్ని ఇంకా వాడుతున్నారా? ఆ పద్ధతి గురించి నువ్వు మరీ అంత పొగడకు. చెప్పాల్సింది చాలా ఉంది దానిలో.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. టీచరు ఏమనాలో రాశావు. పుస్తకం ఏమంటుందో రాశావు. పిల్లలు కట్టలు పైకెత్తారని రాశావు. ఒక్క పిల్ల నోటినుంచి వచ్చిన ఒక్క మాట రాయలేదేమే? వాళ్ళు నీతో ఏమంటున్నారు? ఏ పాఠం దగ్గర నవ్వుతున్నారు, ఏ పాఠం దగ్గర ముక్కు గోక్కుంటున్నారు? ఇరవై తొమ్మిదేళ్ళు బడిలో ఉన్నదాన్ని, నాకు ఆ కబుర్లు కావాలి.

ఫోన్లో ఆవకాయ పంపమన్నావు. పార్సిల్‌వాడు నూనె కారితే తీసుకోనన్నాడు. కారం పొడి పంపుతున్నాను.

నీ పెద్దమ్మ
శాంతమ్మ

*

చిపాటా
20 ఏప్రిల్ 2013

పెద్దమ్మా,

కారం పొడి అందింది. నాతో ఉండే అమ్మాయి ఒక చెంచా నోట్లో వేసుకుని అరగంట బయటే నించుంది.

గొప్ప వార్త. మొదటి పరీక్ష అయింది. వందకి సగటున ముప్ఫై ఒకటి వచ్చేచోట నలభై నాలుగు వచ్చాయి! ఢిల్లీ నుంచి మా పై అధికారి వీరేంద్ర సర్ ఫోన్ చేసి నన్ను పేరు పెట్టి మెచ్చుకున్నారు. అక్టోబరులో పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. ఈ దేశపు విద్యాశాఖ నుంచి ఒకరు, డబ్బిచ్చే సంస్థ నుంచి ఇద్దరు. వాళ్ళకి నచ్చితే వచ్చే ఏడాది నాలుగొందల బళ్ళకి ఇదే పుస్తకం. నన్ను దానికి కోఆర్డినేటర్‌ని చేస్తారట.

పిల్లల కబుర్లు అడిగావు. పాఠం జరుగుతున్నప్పుడు నేను వెనక కూర్చుని కాగితం నింపుతుంటాను, మాట్లాడ్డానికి కుదరదు. పైగా బడిలో అంకెలు ఇంగ్లీషులో చెప్తారు, ఇంట్లో న్యాంజా.

ఒకావిడ మాత్రం కొరుకుడు పడటం లేదు. ఎస్నార్ట్ బండా అని, యాభై దాటిన టీచరు. ఊరివాళ్ళు కట్టుకున్న బడి ఆవిడది. పుస్తకం మూసి పక్కన పెట్టి పిల్లల్ని బయట నేలమీద కూర్చోబెట్టి వేరుశనగకాయలు అయిదేసి చొప్పున కుప్పలు పోయిస్తుంది. పుస్తకంలో పదేసి అని స్పష్టంగా ఉంది! రెండుసార్లు చెప్పాను. "అవును మేడమ్ జెస్సీ" అంటుంది, మళ్ళీ అదే చేస్తుంది. ఇరవైకి నాలుగు మార్కులు వేశాను. పోయినవారం నన్ను ఏమడిగిందో తెలుసా? "మీ దేశం పాఠాలు మాకొచ్చాయి. మా పాఠం ఏదైనా మీ దేశానికి వెళ్ళిందా మేడమ్?" అని. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఏం చెప్పను?

మీ
జెస్సీ

*

మోవా, రాయపూర్
15 మే 2013

జెస్సీకి,

ఎండలు మండిపోతున్నాయి. కూలర్‌లో నీళ్ళు పోయడమే మీ పెద్దనాన్న ఉద్యోగం ఇప్పుడు.

మార్కులు పెరిగినందుకు సంతోషమే. ఉట్టి సంతోషం కాదు, నిజం సంతోషం. ఏ టీచరుకైనా అది చాలు కదా. కాని ఆ బండా టీచరమ్మ దగ్గర నా మనసు ఆగిపోయింది. ఆవిడ పదేసి కాకుండా అయిదేసి కుప్పలు ఎందుకు పోయిస్తోంది? నువ్వు ఆవిడకి చెప్పావని రాశావు. అడిగావా?

ఇంకొకటి. ఆ నాలుగు మార్కులు ఎవరికి పోతాయి? వాటితో ఆవిడకి ఏమవుతుంది? అది నువ్వు రాయలేదు.

శాంతమ్మ

*

చిపాటా
12 జూన్ 2013

పెద్దమ్మా,

చాలా పని. అక్టోబరుకి రిపోర్టు రాయాలి. ఇక్కడ చలి మొదలైంది, స్వెటర్ కొన్నాను. తిండికి లోటు లేదు. బళ్ళన్నీ బాగా నడుస్తున్నాయి. బండా గారి బడిలో కొత్త టీచరు వచ్చాడు, కుర్రాడు, పుస్తకం ప్రకారమే చెప్తున్నాడు. పెద్దనాన్నకి నా వందనాలు.

జెస్సీ

*

మోవా, రాయపూర్
8 జులై 2013

జెస్సీ,

నీ కాగితం అందింది. దాన్ని ఉత్తరం అనను. ఎనిమిదో క్లాసులో నా కళ్ళజోడు విరగ్గొట్టి మంచం కింద దాచినప్పుడు కూడా నువ్వు ఇలాగే చలి గురించి, తిండి గురించి మాట్లాడావు.

నువ్వు ఏం దాచావో నేను అడగను. నేను దాచింది చెప్తాను. తొమ్మిదేళ్ళయింది దాచి. మీ పెద్దనాన్నకి కూడా పూర్తిగా తెలీదు.

2004లో నాకు ధర్సీవా బడిలో రెండో క్లాసు ఇచ్చారు. నా హిందీ ఎలాంటిదో నీకు తెలుసు, రైల్వే కాలనీ హిందీ. పిల్లలు మాట్లాడేది ఛత్తీస్‌గఢీ. పుల్లలు తెచ్చాను, కట్టలు కట్టాను, "దస్, బీస్, తీస్" అని గొంతు పోయేలా అరిచాను. పిల్లలు నాతోపాటు అరిచారు. బోర్డు మీద ఇరవై ఏడు రాసి ఎంత అంటే మాత్రం ఒక్కరు నోరు తెరవరు. ఈ పిల్లలకి బుర్రలేదని ఇంటికొచ్చి మీ పెద్దనాన్నతో అనేదాన్ని. నేనే అన్నాను జెస్సీ, ఆ మాట.

మధ్యాహ్న భోజనం వండడానికి ఫిరతిన్ బాయి అని ఉండేది. ఒకరోజు నేను క్లాసులో ఇరవై ఏడుతో కుస్తీ పడుతుంటే, బయట ఆవిడ పళ్ళాలు లెక్కపెడుతోంది. "ఏక్ కోరీ అఉ సాత్" అని గట్టిగా అంది. కోరీ అంటే ఇరవై. ఒక ఇరవై, ఇంకో ఏడు. నా క్లాసులో వెనక వరసలో ఒక పిల్ల ఠక్కున లేచి "ఇవాళ ఇద్దరు రాలేదు!" అంది. రోజూ ఇరవై తొమ్మిది పళ్ళాలు మరి. నేను పొద్దుట్నుంచీ చెప్పలేనిది ఆ పిల్ల ఒక్క క్షణంలో కూడి తీసేసింది.

ఫిరతిన్ గుమ్మంలోకొచ్చి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ, "మేడమ్, ఏ లఇకా మన్ కోరీ లే గినథే" అంది. ఈ పిల్లలు ఇరవైలతో లెక్కపెడతారు మేడమ్, అని. వాళ్ళ ఇంట్లో కోడిగుడ్లు, మామిడికాయలు, పిడకలు, అన్నీ కోరీలే. నాకు రాయపూర్‌లో పుట్టి పెరిగి కూడా తెలీదు.

ఆ రోజునుంచి అన్నం ఉడికేలోపల ఫిరతిన్ వచ్చి క్లాసులో నించునేది. ఆవిడ కోరీ చెప్తుంది, నేను కోరీని రెండు ముక్కలు చేసి రెండు పదుల కట్టలు కడతాను. పిల్లలకి తెలిసినదాన్ని విరిస్తే వచ్చిన ముక్క అది. అంతకుమించి అందులో నా గొప్ప ఏమీ లేదు. ఆ ఏడాది ఇన్‌స్పెక్టరు వచ్చి ఆశ్చర్యపోయాడు. వంటమనిషిని క్లాసులోకి రానిచ్చానంటే తిడతారని భయపడి, "నా పద్ధతి సార్" అన్నాను. మొదటిసారి భయంతో అన్నాను. తరవాత అలవాటైంది.

ఇన్‌స్పెక్టరు చెప్పగా విని మీ ఢిల్లీ సంస్థవాళ్ళు ఫోటో తీయడానికి వచ్చిన రోజు ఫిరతిన్ నా పక్కనే నించుంది, చేతిలో పళ్ళెంతో. ఫోటోగ్రాఫరు "బాయీ, థోడా హట్ జాఓ" అన్నాడు. ఆవిడ పక్కకి జరిగింది. నేను నోరు మెదపలేదు. కోరీ ఏదో పల్లెటూరి లెక్క అంటూ వాళ్ళు పుస్తకంలోంచి తీసేశారు. అప్పుడూ నేను నోరు మెదపలేదు.

నువ్వు చూసి ఏడ్చిన ఆ ఫోటో పక్కన, చట్రం బయట ఆవిడ ఉంది.

ఇప్పుడు నీ ఇష్టం. రాస్తే రాయి.

శాంతమ్మ

*

చిపాటా
4 ఆగస్టు 2013

పెద్దమ్మా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. చదివిన రోజే రాయడం మొదలుపెట్టి చింపేశాను.

బండా గారిని నేనే పంపించేశాను. మూడుసార్లు పదికి తక్కువ మార్కులు వస్తే ఆ టీచరుని మార్చాలని మా నియమం. ఊరి బడి టీచరు కాబట్టి ఆవిడకి జీతం మా ప్రాజెక్టు నుంచే. మే నెలాఖరున మూడోసారి అయిదు వేసి సంతకం పెట్టాను. పెడుతున్నప్పుడు ఏమవుతుందో నాకు తెలుసు. పదకొండేళ్ళు ఆవిడ చెప్పిన బడి అది. గోడలకి ఇటుకలు ఆవిడ కూడా మోసిందట.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. ముంగిట్లో పీట వేసి కూర్చోబెట్టి, గిన్నెడు ఉడికించిన చిలగడదుంపలు పెట్టింది. నేను తినలేకపోయాను. "మిసెస్ బండా, మీరు అయిదేసి కుప్పలు ఎందుకు పోయిస్తారు?" అని అడిగాను. ఆరునెలల తరవాత.

"మా భాషలో అయిదు దాకానే పేర్లు మేడమ్. ఆరుకి పేరు లేదు, 'అయిదూ ఒకటి' అంటాం. ఏడంటే 'అయిదూ రెండు'. ఇంట్లో అమ్మ అలాగే లెక్కపెడుతుంది. నేను అక్కడ మొదలుపెట్టి, రెండు అయిదులు కలిపి మీ పది దగ్గరికే వస్తున్నాను. రెండు వారాలు ఆగితే చూసేవారు," అంది.

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా?"

"మీ కాగితంలో దానికి గడి ఉందా?"

ఆవిడ కోపంగా అనలేదు పెద్దమ్మా, అదే కష్టంగా ఉంది. "మీకంటే ముందు ఇంకో మూడు దేశాలవాళ్ళు వచ్చారు. ఒకళ్ళ పుస్తకాలు ఇంకొకళ్ళు లారీలో తీసుకుపోయారు. మీ పుస్తకం వాటికంటే నయం. పుల్లలతో నేర్పడం నాకు నచ్చింది. కాని నేను అనాల్సిన మాటలు, నా నోరు కూడా మీరే తెచ్చారు, అది నచ్చలేదు," అంది.

నీ ఉత్తరంలో సంగతి ఆవిడకి చెప్పేశాను, ఫిరతిన్ బాయి, పళ్ళాలు, ఫోటో, అన్నీ. నీ అనుమతి లేకుండా చెప్పాను, క్షమించు. బండా గారు పడీపడీ నవ్వింది. "అయితే మాకు సగం పాఠమే పంపారు," అంది.

ఏం చేయాలో తెలియడం లేదు.

నీ జెస్సీ

*

మోవా, రాయపూర్
2 సెప్టెంబరు 2013

జెస్సీ తల్లీ,

కోపం వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. ఒకావిడ బడి ఆవిడకే కాకుండా చేశావు. కాని ఆ పుస్తకం నీ చేతికి వచ్చేముందు నా చేతిలోంచే పోయింది కదా. అందుకని నీకు ఉత్తరం రాసేలోపల నేను చేయాల్సింది ఒకటి చేశాను.

మొన్న శనివారం బిలాస్‌పూర్ రోడ్డు మీద బస్సెక్కి ధర్సీవా పోయాను. ఫిరతిన్ వంటపని మానేసి అయిదేళ్ళయింది, కీళ్ళనొప్పులు. ఇంటి ముందు కూర్చుని పప్పు చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి లేవబోయింది. నేనే పక్కన కూలబడ్డాను. దారంతా ఎలా చెప్పాలో అనుకుంటూ పోయాను, తీరా నోట్లోంచి వచ్చింది, "ఫిరతిన్, ఆ ఫోటో రోజు గుర్తుందా?" అని.

"గుర్తుంది మేడమ్," అంది. అంతే. చేట మళ్ళీ తీసుకుని రెండుసార్లు చెరిగింది. "ఆ రోజు పప్పు మాడిపోయింది. అందుకు కూడా గుర్తుంది."

నేను మాఫీ అడిగాను. అరవై నాలుగేళ్ళకి వాకిట్లో అందరూ చూస్తుండగా అడిగాను. ఆవిడ వద్దనలేదు, ఫర్వాలేదు అనలేదు. లోపలికి పోయి చాయ్ పెట్టుకొచ్చింది. పంచదార ఎక్కువ వేసింది, నాకు ఎలా ఇష్టమో మరిచిపోలేదు.

అప్పుడు ఆఫ్రికా కబురు చెప్పాను. మన పుల్లల పాఠం సముద్రం దాటిపోయిందని, అక్కడ పిల్లలకి ఆరుకి పేరు లేదని, అయిదూ ఒకటి అంటారని. ఫిరతిన్‌కి మిగతా కథంతా ఏమీ పట్టలేదు. "అయితే వాళ్ళు వేళ్ళు ఎక్కణ్ణుంచి ముడుస్తారు? బొటనవేలినుంచా, చిటికెనవేలినుంచా?" అని అడిగింది.

నాకు తెలీదన్నాను. "మీ అమ్మాయి అక్కడే ఉందిగా, చూడలేదా?" అంది.

ఏమే, చూశావా?

ఏం చేయాలో తెలియట్లేదన్నావు. ముందు ఇది చూసి రాయి.

నీ పెద్దమ్మ

*

చిపాటా
10 నవంబరు 2013

పెద్దమ్మా,

చిటికెనవేలినుంచి! ఫిరతిన్ బాయికి చెప్పు. చిటికెనవేలు మొదలుపెట్టి ఒక్కొక్కటే ముడుచుకుంటూ వచ్చి, బొటనవేలు మూసేసరికి పిడికిలి అవుతుంది. పిడికిలి అంటే అయిదు. పిడికిలీ ఒక వేలూ ఆరు. బండా గారి ఊళ్ళో నేను చూసిన పిల్లలందరూ అంతే.

చూడ్డానికి వెళ్ళిన రోజే ఇంకొకటి జరిగింది. మన పుస్తకం పన్నెండో పేజీలో ఒకావిడ బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెడుతున్న బొమ్మ ఉంది కదా, మనం లెక్కపెట్టినట్టు. ఒక పాప ఆ బొమ్మ నాకు చూపించి చాలా జాలిగా, "ఈ అమ్మ చేతికి ముల్లు గుచ్చుకుందా?" అని అడిగింది. ఎనిమిది నెలలు పిల్లలందరూ అలాగే అనుకుంటున్నారట! నాకు నవ్వాగలేదు. నువ్వు మార్చిలో అడిగిన పిల్లల మాట, ఇదిగో ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు అడగకముందే చెప్తాను. సెప్టెంబరులో బండా గారి మూడు మార్కుల కాగితాలూ తప్పని, తప్పు వేసింది నేనేనని ఢిల్లీకి రాశాను. నీ కథ కూడా రాశాను. వీరేంద్ర సర్ గంటసేపు ఫోన్లో మాట్లాడారు. తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

"జెస్సీ, పాఠం పనిచేసింది. మార్కులు చూశావు. ప్రతి ఊళ్ళో ప్రతి టీచరూ మొదటినుంచీ కనిపెట్టుకోవాలంటే ఒక తరం పిల్లలు పోతారు. మన దగ్గర మంచిది ఉండి కూడా ఇవ్వకపోవడం న్యాయమా?" అన్నారు.

అది కూడా నిజమే కదా పెద్దమ్మా. ఆ కొత్త టీచరు కుర్రాడికి ఏ శిక్షణా లేదు, పుస్తకం లేకపోతే క్లాసులో నిలబడలేడు. అతనే నాతో అన్నాడు. అయినా సర్‌తో అన్నాను, "ఇద్దాం సర్. కాని మనం తీసేసిన పేజీ కూడా ఇద్దాం. ధర్సీవాలో మా పెద్దమ్మకి ఒక వంటమనిషి చెప్పింది. ఇక్కడ చెప్పేవాళ్ళకి మనం నాలుగు మార్కులు వేసి ఇంటికి పంపాం."

ఆయన "ఆలోచిస్తాను" అన్నారు. వారానికి బండా గారిని తిరిగి తీసుకోమని కబురొచ్చింది. ఆ కుర్రాణ్ణి పంపేయకూడదని ఆవిడే పట్టుబట్టింది, "మూడో క్లాసు వాడికివ్వండి, వాడికి పుస్తకం ఉంది, నేను పక్కగదిలో ఉంటాను" అని.

అక్టోబరులో పెద్దవాళ్ళు వచ్చారు. మంచి మార్కులొచ్చిన బడికి తీసుకెళ్ళమని ఢిల్లీ ఆదేశం. అక్కడికి తీసుకెళ్ళాను. తరవాత, దారిలోనే ఉంది గనక, బండా గారి బడికి కూడా తీసుకెళ్ళాను. ఆవిడ బయట నేలమీద పిల్లల్ని కూర్చోబెట్టింది. కాయలు, పిడికిళ్ళు, చివరికి పుల్లల కట్ట. విద్యాశాఖ నుంచి వచ్చినావిడ బూట్లు విప్పి పిల్లల పక్కన కూర్చుంది. పాఠం అయ్యాక నా వైపు తిరిగి, "ఇది మీ రిపోర్టులో లేదే?" అంది. "లేదు మేడమ్. నేను రాయలేదు," అన్నాను. ఆపైన అన్నీ చెప్పాను.

నాలుగొందల బళ్ళ మాట ఆగిపోయింది. ఈ పదకొండు బళ్ళే ఇంకో ఏడాది. ప్రతి పాఠం పక్కనా ఒక పేజీ తెల్లగా వదులుతారు, టీచర్లు దాన్లో తమ భాషలో రాసుకుంటారు. మార్కుల కాగితం పోయింది. కోఆర్డినేటర్ పని కూడా పోయింది, వచ్చే ఏడాది ఇక్కడివాళ్ళనే పెట్టాలని విద్యాశాఖావిడ రాసింది. బండా గారి మేనకోడలికి ఇవ్వబోతున్నారు. నేను ఆ అమ్మాయి కింద సహాయకురాలిగా ఉంటాను. వీరేంద్ర సర్‌కి నా మీద కాస్త అలక ఉంది, కాని పొమ్మనలేదు.

నాకు హాయిగా ఉంది పెద్దమ్మా. పొద్దున్నే బండా గారి క్లాసులో వెనక చాపమీద కూర్చుని పిల్లలతోపాటు న్యాంజా నేర్చుకుంటున్నాను. నాకు ఆరు చెప్పడం వచ్చింది. ఎనిమిది దగ్గర నాలుక తిరగడం లేదు, పిల్లలు నాకు మార్కులు వేస్తున్నారు.

నీ
జెస్సీ

*

మోవా, రాయపూర్
16 మార్చి 2014

జెస్సీ తల్లీ,

చిటికెనవేలు సంగతి చెప్పగానే ఫిరతిన్ చేయి చాపి అలా ముడిచి చూసుకుంది. "ఇదే నయం, చివర్న పిడికిలి గట్టిగా పడుతుంది" అంది. ధర్సీవా బడి హెడ్‌మాస్టరు మా ఇద్దర్నీ నెలకొకసారి రమ్మన్నాడు. ఇప్పుడు ఆ క్లాసులో ఫ్యాక్టరీల్లో పనికొచ్చిన ఒడిశావాళ్ళ పిల్లలున్నారు, బిహార్‌వాళ్ళ పిల్లలున్నారు. ఫిరతిన్ వాళ్ళకి మీ పిడికిలి లెక్క చూపించింది. గంటకొట్టినా ఆపలేదు పిల్లలు. మా పాఠం ఏదైనా మీ దేశానికి వెళ్ళిందా అని బండా టీచరమ్మ అడిగిన ప్రశ్నకి నీ దగ్గర ఇప్పుడు జవాబుందని చెప్పు. నా నమస్కారం కూడా చెప్పు.

ఇంక ఢిల్లీ సంగతి. నేను వాళ్ళకి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి, పుస్తకంలో వంటమనిషి పేరు వేయడానికి ఏర్పాటు లేదని రాశారు. మూడోదానిలో, అయితే నా పేరు, నా ఫోటో కూడా తీసేయండి అని రాశాను. నిన్న కొత్త పుస్తకం పోస్టులో వచ్చింది. మొదటి పేజీలో ఫోటో లేదు. "శ్రీమతి ఫిరతిన్ బాయి, శ్రీమతి శాంతమ్మ, ధర్సీవా" అని రెండు పేర్లు, ఆవిడది ముందు. మీ పెద్దనాన్న ఆ పేజీ చూసి "నాకెందుకు చెప్పలేదు శాంతా" అని మాత్రం అన్నారు. తొమ్మిదేళ్ళకి ఆ మాట అడిగించుకున్నాను.

పొద్దున్నే పుస్తకం పట్టుకుని ధర్సీవా పోయాను. ఆవిడ పేరు మీద వేలు పెట్టి చదివి వినిపించాను. ఫిరతిన్ వేలు తీయకుండా అలాగే కూర్చుంది. కొడుకుని పిలిచి చూపించింది, పక్కింటివాళ్ళని పిలిచి చూపించింది. నాకు కళ్ళు తడిసిపోయాయి. ఇన్నేళ్ళ బరువు దిగినట్టనిపించి, "సంతోషమేనా ఫిరతిన్?" అన్నాను.

"చదవండి మేడమ్, మొత్తం చదవండి" అంది. నలభై రెండు పేజీలు ఆవిడ వాకిట్లో కూర్చుని చదివాను. కళ్ళు మూసుకుని విన్నది. నేను పుస్తకం మూశాక కళ్ళు తెరిచి, "ఠీక్ హే మేడమ్," అంది. "ఫేర్ కోరీ లా కాబర్ నఇ లిఖిన్?"

బాగానే ఉంది మేడమ్, మరి కోరీ ఎందుకు రాయలేదు, అని.

నిజమే జెస్సీ. పేరు వేశారు, లెక్క వేయలేదు. నేను గమనించనే లేదు! ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పక్కింటివాళ్ళు మళ్ళీ బయటికొచ్చేలా నవ్వాం. నవ్వి నవ్వి, అక్కడే ఆవిడ వాకిట్లో ఢిల్లీకి నాలుగో ఉత్తరం మొదలుపెట్టాను. ఈసారి మాటలు ఆవిడ చెప్తోంది, నేను రాస్తున్నాను.

నీ పెద్దమ్మ
శాంతమ్మ